కామా మీద నిలబడ్డ హక్కులు

తెలంగాణ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఆరో వరుస ఇలా ఉంటుంది: గోండ్, నాయక్‌పోడ్, రాజ్‌గోండ్, కోయితూర్. నాలుగు పేర్లు, మధ్యలో మూడు కామాలు. ఉట్నూర్, జైనూర్, ఇంద్రవెల్లి, నార్నూర్, తిర్యాణి మండలాల్లో వేల కుటుంబాల కుల ధ్రువీకరణ పత్రాలకు ఈ ఒక్క వరుసే ఆధారం. ఆ పత్రం చూపిస్తేనే కాలేజీలో రిజర్వేషన్ సీటు. అది ఉన్నవారికే ఏజెన్సీలో భూమి కొనే హక్కు. రిజర్వు అయిన ఊళ్లో సర్పంచిగా నిలబడాలన్నా, కొలువుకు దరఖాస్తు పెట్టాలన్నా అదే కాగితం. ఇంత బరువు మోస్తున్న వరుసలో ఆ మూడు కామాలూ ఒకే సంగతి చెబుతున్నాయా? చెప్పడం లేదు. ఈ మాట ఇప్పుడే ఎత్తడానికి కారణం ఉంది. జాబితాలో కొత్త పేర్లు చేర్చాలని శాసనసభ తీర్మానం చేసింది. కులాల వారీ లెక్కలతో జనగణన దగ్గర పడుతోంది. రెండూ ఆ కామాల మీదుగానే నడవాలి.

ఆదిలాబాద్ గోండులను రాజ్‌గోండులని పిలుస్తారు. తమ భాషలో తమను వాళ్లు కోయితూర్ అని చెప్పుకుంటారు. అంటే ఆ వరుసలో మూడు పేర్లు ఒకే జనానివి. నాయక్‌పోడ్‌ల సంగతి అలా కాదు. వాళ్ల ఇంటి భాష తెలుగు, గోండీ కాదు. వాళ్లు కొలిచేది లక్ష్మీదేవరను. కేస్లాపూర్ నాగోబా మెస్రం వంశపు గోండుల దేవుడు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తర్వాత ఈ అడవుల్లో తిరిగి, మార్లవాయిలో నివసించి పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కూడా తన పుస్తకాల్లో గోండులను, కోలాములను, నాయక్‌పోడ్‌లను వేర్వేరు తెగలుగానే వర్ణించాడు. కాబట్టి ఆరో వరుసలో ఒక కామాకు ‘ఇంకో పేరు’ అని అర్థం, పక్కనున్న కామాకు ‘ఇంకో జనం’ అని అర్థం. చూడటానికి రెండూ ఒకటే.

ఇదే జాబితాలో మరో వరుస సుగాలి, లంబాడీ, బంజారా. ఇవి ఒకే జనానికి వేర్వేరు చోట్ల వాడే పేర్లు. పద్దెనిమిదో వరుస చూడండి: కోయ, డోలి కోయ, గుత్త కోయ, కమ్మర కోయ, ముసర కోయ, ఒడ్డి కోయ, పట్టిడి కోయ, రాజా, రాశ కోయ... ఇలా సాగుతుంది. ఇవి కోయల్లో శాఖలు. రాజ్యాంగం 342వ అధికరణం తెగల గురించీ, తెగల్లోని భాగాల గురించీ, తెగల లోపలి సమూహాల గురించీ విడివిడిగా మాట్లాడుతుంది. తెగ వేరు, తెగలో భాగం వేరు అని రాజ్యాంగానికి తెలుసు. జాబితాకు వచ్చేసరికి తెగకూ, భాగానికీ, మారుపేరుకూ అన్నిటికీ ఒకటే గుర్తు వేశారు. ఏది ఏమిటో వరుసను చదివి తేల్చుకోలేం.

మొదట్లో ఇలా లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో హైదరాబాద్ రాష్ట్రపు జాబితా చిన్నది, తొమ్మిది వరుసలే. అందులో గోండ్ అని రాసి, పక్కన బ్రాకెట్‌లో ‘నాయక్‌పోడ్, రాజ్‌గోండ్ సహా’ అని చెప్పారు. కోలాం పక్కన ‘మన్నేర్‌వార్లు సహా’ అని చెప్పారు. నాయక్‌పోడ్‌లను గోండుల కిందికి చేర్చడం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. తప్పో ఒప్పో, చెప్పదలచింది మాటల్లో చెప్పారు. ఆంధ్ర ప్రాంతానికి వర్తించిన పాత జాబితాలో కోయల వరుస ఇంకా వివరంగా ఉండేది: కోయ లేదా గౌడ్, దాని ఉపశాఖలైన రాజా లేదా రాశ కోయ, లింగధారి కోయ, కొట్టు కోయ అని. ‘లేదా’ అన్న చోట మారుపేరు. ‘ఉపశాఖలు’ అన్న చోట శాఖ. ఎవరు చదివినా ఒకేలా అర్థమవుతుంది.

1976లో పార్లమెంటు 108వ నంబరు చట్టం చేసింది. రాష్ట్రం లోపల ఒక ప్రాంతంలో తెగగా గుర్తించి మరో ప్రాంతంలో గుర్తించని నిబంధనలను చాలావరకు తొలగించడం దాని ఉద్దేశం. తెలంగాణ జిల్లాల్లో లంబాడీలు షెడ్యూల్డ్ తెగ అయింది దానితోనే. నలభై ఏళ్ల తర్వాత, 2017 చివర్లో, ఆదివాసీ-లంబాడీ వివాదంతో ఉట్నూర్ ఏజెన్సీ ఎలా భగ్గుమన్నదో జిల్లా ఇంకా మరవలేదు. జాబితాలో చేసే మార్పు ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి మాత్రమే ఆ ప్రస్తావన. ఆ వివాదం న్యాయాన్యాయాలు ఈ వ్యాసానికి సంబంధించినవి కావు. అదే చట్టం జరిపిన మరో పని మీద ఇక్కడ ఎవరి చూపూ పడలేదు. రెండు ప్రాంతాల జాబితాలను ఒకటిగా కలిపి తిరగరాసినప్పుడు ‘సహా’, ‘లేదా’, ‘ఉపశాఖలు’ అన్న మాటలన్నీ తీసేసి, వాటి స్థానంలో కామాలు పెట్టారు. కోయల వరుస ఇలా మారింది: కోయ, గౌడ్, రాజా, రాశ కోయ...

ఆ ‘గౌడ్’ను చూడండి. ‘కోయ లేదా గౌడ్’ అన్నప్పుడు అది కోయలకే ఇంకో పేరు. కామా పడగానే ఒంటరిగా నిలబడింది. తెలంగాణలో గౌడ్ అంటే ఎవరికి ఏం స్ఫురిస్తుందో చెప్పనక్కర్లేదు. కల్లుగీత వృత్తిగా ఉన్న, వెనుకబడిన తరగతుల బి గ్రూపులో ఉన్న పెద్ద కులం. వరుసను ఉన్నది ఉన్నట్టు చదివిన గుమస్తాకు ఇది ఆ గౌడ్ కాదని చెప్పే మాట ఏదీ అక్కడ మిగల్లేదు. ఆ చట్టం అమల్లోకి వచ్చిన 1977 నుంచి, సవరణ చట్టం అమల్లోకి వచ్చిన 2003 వరకు, పాతికేళ్లు ఆ పేరు అలాగే ఉండిపోయింది. సవరణలో గౌడ్ పోయింది. ‘రాజా’ మాత్రం ఇప్పటికీ అటూ ఇటూ కామాలతో అలాగే ఉంది. ‘రాజా లేదా రాశ కోయ’ అని ఒకప్పుడు ఉండేదని తెలియనివాడు దాన్ని ఏమని చదువుతాడు?

కామా వల్ల ఏం జరుగుతుందో చూడటానికి ఎక్కడికో పోనక్కర్లేదు, రాష్ట్ర సరిహద్దు దాటితే చాలు. కిన్వట్, రాజూరా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోవే. రాష్ట్రాల పునర్విభజనతో బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. ఇక్కడి గోండులకు, కోలాములకు, నాయక్‌పోడ్‌లకు అటువైపు నేటికీ బంధువులున్నారు, పిల్లనిచ్చి పుచ్చుకుంటున్నారు. కానీ వాళ్లకు వర్తించే జాబితా వేరు. మహారాష్ట్ర జాబితాలో గోండుల వరుస పద్దెనిమిదోది. అందులో యాభైకి పైగా పేర్లున్నాయి: గోండ్, రాజ్‌గోండ్ మొదలుకొని మాడియా, మానా, మన్నేవార్, నాయక్‌పోడ్, తోట్యా దాకా. అక్కడా 1976కు ముందు గోండ్ పక్కన ‘సహా’ అని అర్థమిచ్చే మాట ఉండేది. అక్కడా దాన్ని తీసేసి కామాలు పెట్టారు.

చంద్రపూర్, గడ్చిరోలి వైపు ఉండే మానా జనం ఆ మార్పు భారాన్ని ఏళ్ల తరబడి మోశారు. మానా పేరు గోండుల వరుసలో ఉంది గనుక మానాలు గోండుల్లో ఉపతెగే కావాలి, గోండులతో పోలిక రుజువు చేయాలి, లేదంటే షెడ్యూల్డ్ తెగ హోదా లేదు అన్నది ప్రభుత్వ పక్షం వాదన. పాత కోర్టు తీర్పు ఒకటి ఆ వాదనకు అండగా ఉండేది. తమ దేవతలు వేరు, ఆచారాలు వేరు, తాము ఎవరి శాఖా కాదు అని చెప్పుకునే జనాన్ని ‘మీరు గోండులే అని నిరూపించండి’ అని అడిగారు. 2006లో సుప్రీంకోర్టు ఆ చిక్కు విప్పింది. 1976 చట్టం ‘సహా’ అన్న మాటను తొలగించింది కాబట్టి ఆ వరుసలోని మానా ప్రత్యేక తెగే, గోండుల ఉపతెగ కాదు అని తేల్చింది. చట్టం రాసింది 1976లో. దాన్ని ఎలా చదవాలో తెలిసింది 2006లో. నడుమ ముప్పయ్యేళ్లు. ఒక తరం పిల్లలు బడిలో చేరి, చదువు ముగించి, ఉద్యోగ వయసు దాటిపోయేంత కాలం అది.

గోవారీలది ఇంకా బాధాకరమైన కథ. అదే పద్దెనిమిదో వరుసలో ‘గోండ్ గోవారి’ అని ఉంది. రెండు మాటల మధ్య కామా లేదు. విదర్భలో పశువులు కాసే గోవారీలు ఆ పేరు తమదేనని, తమను షెడ్యూల్డ్ తెగగా గుర్తించాలని ఏళ్లుగా అడుగుతున్నారు. 1994 నవంబరు 23న నాగపూర్‌లో శాసనసభ సమావేశాలు జరుగుతుండగా వేలాదిగా తరలివచ్చారు. అక్కడ జరిగిన తొక్కిసలాటలో 114 మంది చనిపోయారు. వారిలో ఆడవాళ్లు, పిల్లలు ఎందరో. 2018లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం గోవారీల పక్షాన తీర్పు చెప్పింది. 2020 డిసెంబరు 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గోండ్ గోవారి వేరు, గోవారి వేరు. జాబితాలో ఉన్నది మొదటిదే. కోర్టులు జాబితాను విస్తరించి చదవకూడదు అన్నది సారాంశం. న్యాయశాస్త్రం ప్రకారం ఆ తీర్పుకు ఆధారం బలంగానే ఉంది. 2000లో మిలింద్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఇదే చెప్పింది: జాబితాలో ఏముందో అదే, కలపడానికీ తీయడానికీ పార్లమెంటుకే అధికారం. అప్పుడు ‘హల్బా, హల్బీ’ అన్న వరుసలోకి హల్బా కోష్టీలను చేర్చి చదవడం కుదరదన్నారు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. జాబితాను ఉన్నది ఉన్నట్టే చదవాలని కోర్టులు పట్టుబడుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు చదవాలంటే, రాసింది స్పష్టంగా ఉండాలి. వ్యాఖ్యానానికి తావులేని చోట అస్పష్టమైన గుర్తు వాడితే ఆ భారమంతా పత్రం కోసం నిలబడ్డ మనిషి మీద పడుతుంది.

విరామ చిహ్నాలకు చట్టంలో అంత విలువ ఉందా అని కొందరు అడగవచ్చు. 1952లో అశ్వినీకుమార్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు విరామ చిహ్నాలు చట్టం అర్థం చెప్పడంలో చిన్న విషయమే అన్నది. అదే కోర్టు 1979లో మహమ్మద్ షబ్బీర్ కేసులో ఒక కామా లేకపోవడాన్నే ఆధారం చేసుకుంది. ఔషధాల చట్టం 27వ సెక్షన్‌లో అమ్మకం కోసం తయారుచేయడం, అమ్మడం, నిల్వ ఉంచడం లేదా అమ్మకానికి ప్రదర్శించడం అని నేరాల వరుస ఉంది. ఆంగ్ల పాఠంలో తయారీ తర్వాత కామా ఉంది, అమ్మడం తర్వాత ఉంది, నిల్వ తర్వాత లేదు. అందుకని నిల్వ కూడా ‘అమ్మకం కోసం’ అయితేనే నేరమని కోర్టు చెప్పింది. ఒక మనిషి జైలుకు పోవాలా ఇంటికి పోవాలా అన్నది ఆ కామా తేల్చింది. అవసరం వచ్చినప్పుడు కామా చిన్న విషయం కాదు. ఎప్పుడు చిన్నది, ఎప్పుడు పెద్దది అన్నది కోర్టు మెట్లెక్కితే గానీ తెలియదు, ఆ మెట్లెక్కే స్తోమత తిర్యాణి గుట్టల మీది కోలాం కుటుంబానికి లేదు.

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు పాల డ్రైవర్ల కేసు చాలామంది విన్నదే. అదనపు పని వేతనం వర్తించని పనుల జాబితాలో రవాణా కోసం ప్యాకింగ్ అన్న దానికీ పంపిణీకీ మధ్య కామా లేదు. పంపిణీ అనేది విడి పనా, ప్యాకింగ్‌లో భాగమా అన్నది వివాదం. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల పక్షాన నిలిచింది. మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. మనం గమనించాల్సింది కోర్టు తీర్పు తర్వాత జరిగింది. ఆ రాష్ట్ర శాసనసభ చట్టాన్ని తిరగరాసి, ఒక్కో పనినీ సెమికోలన్‌తో విడగొట్టింది. తప్పు ఎక్కడుందో చూసి, అక్కడే సరిచేసుకుంది. మన జాబితాలో ఆ దిద్దుబాటు 1976 నుంచీ జరగలేదు.

ఆదిలాబాద్‌కు ఇది కోర్టు కబుర్ల స్థాయి విషయం కాదు. ఏజెన్సీలో భూబదలాయింపు నిబంధనలు, జనం నోట వన్ ఆఫ్ సెవెంటీ, భూమిని షెడ్యూల్డ్ తెగలవారికి తప్ప మరొకరికి బదిలీ చేయడాన్ని చెల్లకుండా చేస్తాయి. ఎవరు షెడ్యూల్డ్ తెగ అన్నదానికి ఈ జాబితానే కొలత. జాబితాలో ఒక ఒంటరి పేరును తప్పుడు అర్థంలో చదివితే, ఆ పేరుతో పత్రం సంపాదించినవాడికి ఏజెన్సీ భూమి తలుపు తెరుచుకున్నట్టే. అదే పేరును అతి సంకుచితంగా చదివితే, తరతరాలుగా ఆ నేల దున్నిన కుటుంబం పరాయిదవుతుంది. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం కింద తప్పుడు పత్రం రద్దవుతుంది, శిక్ష పడుతుంది. మంచిదే. కానీ పత్రం తప్పో ఒప్పో తేల్చే కలెక్టర్‌కు కూడా చేతిలో ఉన్నది ఆ కామాల వరుసే కదా.

జనగణన సంగతి మరీ విచిత్రం. షెడ్యూల్డ్ తెగల పట్టికలను వరుసల వారీగా ప్రచురిస్తారు. గోండ్, నాయక్‌పోడ్, రాజ్‌గోండ్, కోయితూర్ అన్నది ఒకే పద్దు, ఒకే మొత్తం. రాష్ట్రంలో నాయక్‌పోడ్‌లు ఎందరు, వాళ్లలో చదువుకున్నవాళ్లు ఎందరు అని ఆ పట్టిక చూసి చెప్పలేం. అంటే సుప్రీంకోర్టు దృష్టిలో విడదీసే కామా, జనగణన పట్టికలో కలిపేస్తుంది. కోలాములకు, తోటీలకు విడి వరుసలు ఉన్నాయి గనుక వాళ్ల లెక్క విడిగా తెలుస్తోంది, దాన్నిబట్టి పథకాలు అడగగలుగుతున్నారు. నాయక్‌పోడ్‌లకు ఆ అవకాశం లేదు. కులాల లెక్క కూడా తీస్తామని కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల కమిటీ 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈసారి పేర్లు కంప్యూటర్‌లోకి కోడ్‌లుగా వెళ్తాయి. కామా కనిపించిన చోటల్లా కొత్త గడి తెరిచే ఫైళ్లు ఎన్నో వాడుకలో ఉన్నాయి. అలాంటి చోట ‘రాజా’ ఒక తెగగా గడి ఎక్కితే, ‘రాశ కోయ’ మరో తెగగా ఎక్కితే, ఆ పొరపాటు మళ్లీ పదేళ్లు మన వెంట ఉంటుంది.

స్పష్టంగా రాయడం చేతకాక ఇలా రాశారనుకోలేం. తోటీల వరుస చూస్తే తెలుస్తుంది. తోటీ అని రాసి, బ్రాకెట్‌లో ఆదిలాబాద్, హైదరాబాద్, కరీంనగర్, ఖమ్మం, మహబూబ్‌నగర్, మెదక్, నల్గొండ, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో అని చెప్పారు. ఉమ్మడి రాష్ట్రపు జాబితాలో మాలీల వరుస పక్కనా ఇవే తొమ్మిది జిల్లాలు, ఇవే కామాలు. అయితే ‘మినహా’ అన్న మాటతో. ఒక్క మాట తోటీలను లోపలికి తెచ్చింది, ఒక్క మాట ఆదిలాబాద్ మాలీలను బయట ఉంచింది. ఆ నిర్ణయం న్యాయమా కాదా అన్నది అటుంచి, రాసిన తీరులో మాత్రం ఎవరికీ సందేహం లేదు. జిల్లా పేరును 1976 మే 1 నాటి హద్దులతో చదవాలని కూడా ఆ ఉత్తర్వే చెబుతుంది. అందువల్లే 2016లో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైనా తోటీల హోదాకు ఢోకా రాలేదు. జిల్లా పేరును ఎలా చదవాలో అంత జాగ్రత్తగా చెప్పినవాళ్లు, రెండు తెగల పేర్ల నడుమ కామాను ఎలా చదవాలో ఒక్క వాక్యంలో చెప్పలేకపోయారు.

2023 ఫిబ్రవరిలో రాష్ట్ర శాసనసభ వాల్మీకి బోయ, బేదర్, కిరాతక, నిషాది, పెద్ద బోయ, తలయారి, చుండువాళ్లు, ఖాయితీ లంబాడా, భాట్ మథురలు, చమార్ మథురలు, వీటితో పాటు ఉమ్మడి ఆదిలాబాద్ మాలీలను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చాలని తీర్మానించింది. చేర్చాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న, ఇప్పటికే జాబితాలో ఉన్న ఆదివాసీల భయాలకూ కారణాలున్నాయి, అడుగుతున్నవాళ్ల కష్టాలకూ కారణాలున్నాయి. కానీ పార్లమెంటు ఎప్పుడైనా ఏ పేరునైనా చేరిస్తే, ఎలా రాస్తారన్నది ఇప్పుడే అడగాలి. ఈ పేర్లలో ఏవి ఒకే జనానివి, ఏవి వేర్వేరు జనాలవి? వీటిని ఒకే వరుసలో కామాలతో పేరిస్తే బోయలకూ బేదర్లకూ మధ్య సంబంధం ఏమిటో మరో ముప్పయ్యేళ్ల తర్వాత కోర్టు చెప్పాల్సి వస్తుంది. ఖాయితీ లంబాడాను పాత లంబాడీల వరుస చివర కామా పెట్టి అతికిస్తే దానికో అర్థం, విడిగా అంకె వేసి రాస్తే దానికింకో అర్థం.

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ, రాష్ట్ర గిరిజన సంక్షేమ శాఖ, ఆదిలాబాద్ పార్లమెంటు సభ్యుడు, ఏజెన్సీ శాసనసభ్యులు, అందరినీ మేం కోరేది ఇది. వేరు జనానికి వేరు అంకె ఇవ్వండి. మారుపేరైతే ‘లేదా’ అని రాయండి. శాఖ అయితే ‘సహా’ అని రాయండి. నాయక్‌పోడ్‌లకు వారి వరుస వారికి ఇవ్వండి, ‘రాజా’ పక్కన తెగిపోయిన మాటను తిరిగి చేర్చండి. జాబితాను సవరించే బిల్లులో ఒక రక్షణ వాక్యం తప్పనిసరి: ఈ తిరగరాత వల్ల ఇప్పటికే హోదా ఉన్న ఎవరి హక్కూ పోదు అని. ఆ వాక్యం లేకుండా దిద్దుబాటు మొదలుపెడితే 1976లో జరిగిందే మళ్లీ జరుగుతుంది. బిల్లుతో పాటే దాని తెలుగు పాఠాన్ని, గోండీ, కోలామీ పాఠాలను ఊరూరా ఆదివాసీల సంప్రదాయ పంచాయితీలైన రాయి సెంటర్లలో, గ్రామసభల్లో చదివి వినిపించాలి. జనగణన అధికారులు ఆరో వరుసలోని పేర్లకు విడి కోడ్‌లు కేటాయించాలి. ఇందుకు చట్టం మార్చనక్కర్లేదు, 2027కు ముందే చేయవచ్చు.

పాఠకులు తమ ఇంట్లో ఉన్న ధ్రువపత్రాలను ఒకసారి బయటికి తీసి, అందులోని తెగ పేరును జాబితాలోని పేరుతో అక్షరం అక్షరం పోల్చి చూడాలి. తేడా ఉంటే పిల్లల అడ్మిషన్ల కాలం దాకా ఆగకుండా ఇప్పుడే తహసీల్దార్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, రశీదు తీసుకోండి.